మాట్లాడని ఫోల్డర్

సిలబస్‌లో కులం గురించి పోయినసారి మొదలుపెట్టిన చర్చ వచ్చే భాగంలో కొనసాగిస్తాను. ఇవాళ మొరాయించిన నా ల్యాప్‌టాప్ గురించి చెప్పాలి.

నాకు చూపు లేదని మీలో చాలామందికి తెలుసు. తెర మీది అక్షరాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే నా పని. అంధుడైన మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. డబ్బు పెట్టి కొనాల్సి వస్తే నా పీహెచ్‌డీ సగంలోనే ఆగేది.

మొన్న సాయంత్రం 5 గంటల్లోపు ఇంటర్నల్ మార్కులు ఎక్కించాలి. ఫోల్డర్ల కోసం విండోస్ కీతో ఈ నొక్కాను. చప్పుడు లేదు. బాణం కీలు కొట్టినా అంతే. చూపున్నవాళ్లకు అలాంటప్పుడు గుండ్రంగా తిరిగే గుర్తు కనిపిస్తుంది. నాకు వినపడింది నిశ్శబ్దమే. ఆగింది గొంతా, ఫోల్డరా అన్నది నేనే తేల్చుకోవాలి.

ఈలోగా ఒక సహోద్యోగి వచ్చి, "మీకెందుకు సార్ ఈ తిప్పలు, ఇటివ్వండి" అంటూ మౌస్ అందుకున్నారు. చెడ్డమనిషేం కాదు. కానీ సమస్య ఏమిటో అడక్కముందే సమస్య నేనే అనుకున్నారు. రిజర్వేషన్‌లో సీటొచ్చిన రోజు నుంచీ ఈ తీర్పు నాకు అలవాటే. "5 నిమిషాలు ఆగండి సార్" అన్నాను.

ఇన్సర్ట్‌తో ఎఫ్12 నొక్కాను. టైమ్ చెప్పింది. అంటే గొంతు బాగానే ఉంది, ఆగింది ఫైల్ ఎక్స్‌ప్లోరర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. జాబితాలో విండోస్ ఎక్స్‌ప్లోరర్ దగ్గర ఆగి, షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కి, మెనూలో రీస్టార్ట్ ఇచ్చాను. ఫోల్డర్ పలికింది, నిమిషంలో మళ్లీ మూగబోయింది. కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ యూజ్' అని కొడితే అసలు సంగతి బయటపడింది. ఆఫీసు కంప్యూటర్లోని ఉమ్మడి ఫోల్డర్‌కు కనెక్షన్ తెగిపోయింది. ఎక్స్‌ప్లోరర్ తెరిచినప్పుడల్లా లేని ఆ ఫోల్డర్ కోసం ఎదురుచూస్తోంది. ఆ కనెక్షన్ తీసేశాను. అన్నీ పలికాయి. 5 గంటల్లోపే మార్కులు వెళ్లాయి.

తర్వాత తెలిసింది, ఆఫీసులో కంప్యూటర్ మార్చారట. "గ్రూపులో నోటీసు పెట్టాంగా!" అన్నారు. పెట్టారు, ఫోటో తీసి. నా ఫోన్ దాన్ని 'ఫోటో' అని మాత్రమే చదివింది.

చిన్న భీమ్‌రావుకి బడిలో దాహమేస్తే, నీళ్లు పోసే ప్యూన్ రావాలి. కుండ ఎదురుగానే ఉంది, ముట్టుకోకూడదు. అంటరానితనమూ అంధత్వమూ ఒకటని నేను అనను. కానీ ఎదురుగా ఉన్నదాని కోసం ఇంకొకరి దయకు కాచుకోవడం ఎలా ఉంటుందో రెండు వైపుల నుంచీ నాకు తెలుసు.

ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తేల్చింది. కాబట్టి ఇది నాకు చేసే సాయం కాదు, నాకు రావాల్సిన బాకీ.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మన సంఘాల కరపత్రాలు, సభల పోస్టర్లు గ్రూపుల్లో ఎలా వస్తున్నాయి? ఫోటోలుగానే కదా. అను ఫాంట్లలో కొట్టిన ఫైలైతే నాకు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా వినపడుతుంది. విముక్తి గురించి రాసిన కరపత్రం కూడా నాకు మూసిన తలుపే.

అందుకే అడుగుతున్నాను. పోస్టర్ పెట్టినప్పుడు కింద అదే విషయం నాలుగు లైన్లు టైపు చేయండి. ఫైలు యూనికోడ్‌లో పంపండి. ఎవరి కంప్యూటరైనా ఆగిపోతే, మౌస్ లాక్కోకముందు "ఏం వినపడుతోంది?" అని అడగండి.

జై భీమ్.