తలా ఇంత అంటే చాలదు
కూడలి కబురు – దోర్నాలవాసి

మా పక్కింటి మేడ మీద నలుగురు అమ్మాయిలు కలిసి అద్దెకుంటున్నారు. ఇద్దరు టీచర్లు, ఒకరిది బ్యాంకు ఉద్యోగం, నాలుగో అమ్మాయి ఔట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటరు. పెద్దదోర్నాలలో ఇలాంటి ఇళ్లు ఇప్పుడు వీధికి రెండు మూడు కనబడుతున్నాయి. ఒకప్పుడు ఇక్కడ అద్దెకుండేది అటవీ శాఖ వాళ్లు, లారీ డ్రైవర్లు, వెలిగొండ సొరంగం పనికొచ్చినవాళ్లు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఎక్కడెక్కడి పిల్లలో ఉద్యోగానికని వచ్చి ఈ ఊళ్లో గదులు వెతుక్కుంటున్నారు. ఇంటి అద్దె ఒక్కరి జీతంతో తేలేది కాదు. ముక్కూ మొహం తెలియని నలుగురు ఒక కప్పు కింద చేరతారు.

ఏప్రిల్ కరెంటు బిల్లు వచ్చిన సాయంత్రం నలుగురూ మా వరండాలోకొచ్చారు. 260 యూనిట్లు.

"సార్, మేం మొదట్నుంచీ తలా ఇంత వేసుకుంటున్నాం. అందరికీ సమానమే కదా, ఇందులో అన్యాయమేముంది?" అంది బ్యాంకమ్మాయి.

"అన్యాయమని ఎవరన్నారక్కా? లెక్క ఒకసారి చూద్దామన్నా, అంతే," అంది చిన్న టీచరు.

ఆపరేటరు అమ్మాయి మాట్లాడలేదు. బిల్లు కాగితాన్ని మడతలు పెడుతూ కూర్చుంది. ఈ శీర్షిక రాయడానికి కారణం ఆ మౌనమే. ఉమ్మడి ఇంట్లో పోట్లాడే మనిషికి ఎలాగో న్యాయం జరుగుతుంది. తక్కువ జీతం మనిషి, చివర్న చేరిన మనిషి నోరు తెరవరు. నెలనెలా నూటయాభై, రెండొందలు ఎక్కువిచ్చుకుంటూ లోపల్లోపల దూరమైపోతారు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇళ్ల కరెంటు రేట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసల చొప్పున. 75 దాకా మూడు రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా ఆరు. అది దాటితే 400 దాకా యూనిట్ ఎనిమిది రూపాయల డెబ్భైఅయిదు పైసలు, ఆపైన తొమ్మిది డెబ్భైఅయిదు. అంటే ఒకే ఇంట్లో, ఒకే మీటరు మీద, మొదట కాలిన యూనిట్‌కీ చివర కాలిన యూనిట్‌కీ నాలుగు రెట్లకు పైగా తేడా. బియ్యం బస్తా పంచుకున్నట్టు కరెంటు బిల్లు పంచుకోలేం. బస్తాలో ప్రతి గింజా ఒకే ధర, ఇక్కడ అలా కాదు.

ఆ ఇంటి వాడకం వాళ్లతోనే చెప్పించాను. నాలుగు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లది, రోజుకు పది గంటలు: నెలకు 90 యూనిట్లు. ఫ్రిజ్, లైట్లు, నీళ్ల మోటరు, ఫోన్లు కలిపి ఇంకో 70. ఇవి అందరివీ. మిగిలిన వందలో 60 పెద్ద టీచరు గదిలో కూలర్‌వి. ఒంటిపూట బడులు కదా, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేసుకుంటుంది, రాత్రీ నడుస్తుంది. ఇంకో 40 బ్యాంకమ్మాయి ఇండక్షన్ స్టవ్‌వి. రోజుకు నలభై నిమిషాలే వాడుతుంది గానీ అది రెండువేల వాట్ల పొయ్యి.

ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం పక్కన పెట్టి వాడకం ఒక్కదాన్నే లెక్కేశాం. 260 యూనిట్లకు 1,323 రూపాయలు. కూలరూ స్టవ్వూ లేకపోతే 160 యూనిట్లకు 627. చివరి వంద యూనిట్లు మొదటి నూట అరవై కన్నా ఎక్కువ ఖరీదు, 696 రూపాయలు! నలుగురూ కాగితం మీదికి వంగి రెండుసార్లు చూశారు. తలా ఇంత అంటే ఒక్కొక్కరికి 331. ఉమ్మడి వాడకం మాత్రమే అయితే 157. కూలర్ గాలి తగలని, స్టవ్ ముట్టుకోని ఆపరేటరు అమ్మాయి పొద్దంతా ఆఫీసులో ఉండి కూడా నెలకు 174 రూపాయలు ఇతరుల వాడకానికి కట్టింది. ఆమె జీతంలో అది చిన్న మొత్తం కాదు.

అయితే యూనిట్‌కింత అని సగటు కట్టి వాడినవాళ్ల దగ్గర తీసుకుందామా? సగటున యూనిట్ అయిదు రూపాయల తొమ్మిది పైసలు పడుతుంది. చాలా ఇళ్లలో ఇలాగే చేస్తారు, చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అలా చేస్తే ఆ వందకు 509 రూపాయలే వస్తాయి. మిగతా 187 మళ్లీ అందరి ఉమ్మడి వాడకం మీద పడుతుంది. నా మాట ఏమిటంటే, చౌక మెట్లు ఉన్నది లైటూ ఫ్యానూ లేకుండా ఎవరూ ఉండకూడదని. ఆ చౌక యూనిట్ల మీద ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ సమాన హక్కుంది. వాటిని ముందు అందరికీ సమంగా పంచాలి. బిల్లును పై మెట్టుకు ఎక్కించిన వాడకం ఎవరిదో ఆ మెట్టు ఖరీదు వాళ్లది.

"మరి మెట్టెక్కించింది నా కూలరా, తన స్టవ్వా?" అని పెద్ద టీచరు అడిగింది. సరైన ప్రశ్న. కూలర్ ముందు నడిచిందనుకుంటే దాని ఖర్చు 360, ఆ తర్వాత వచ్చిన స్టవ్‌కు 336. స్టవ్ ముందు అనుకుంటే దానికి 240, కూలర్‌కు 456. ఎవరికి వారు "నాది ముందు" అనుకోవడం సహజం. అమెరికా గణిత శాస్త్రవేత్త లాయిడ్ షేప్లీ 1953లో ఈ చిక్కుకు దారి చూపించాడు. వరుసలన్నీ వేసి చూడు, ప్రతి వరుసలో ఒక్కొక్కరి వల్ల పెరిగిన ఖర్చు రాయి, సగటు తీయి. అలా తీస్తే కూలర్‌కు 408, స్టవ్‌కు 288. రెండూ కలిపితే సరిగ్గా 696. వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికి అంకెల కన్నా పెద్ద కారణం ఏమిటంటే, ఆ లెక్కలో ఎవర్నీ తప్పుబట్టే పని లేదు.

నన్నడిగితే ఖర్చు మొత్తాన్నీ వాడకం మీదే తోయడమూ సరి కాదు. ఇల్లు ఉన్నందుకు కొంత, వాడినందుకు కొంత. జర్మనీలో ఒకే బాయిలర్ నుంచి వేడి అందుకునే అపార్ట్‌మెంట్లకు 1981లోనే ఒక నిబంధన పెట్టారు. ఖర్చులో సగానికి తగ్గకుండా, డెబ్భై శాతానికి మించకుండా మీటరు ప్రకారం వసూలు చేయాలి, మిగతాది ఇంటి వైశాల్యాన్ని బట్టి. పొదుపు చేసినవాడికి ఫలితం దక్కాలి, అలాగని చలికి తట్టుకోలేని ముసలివాళ్ల మీదే భారమంతా పడకూడదు. ఈ ఇంట్లోనూ ఊరెళ్లిన నెలలో ఫ్రిజ్ ఆగదు, ఫిక్స్‌డ్ చార్జీ ఆగదు. శనివారం సాయంత్రం మార్కాపురం బస్సెక్కి సోమవారం పొద్దున దిగే చిన్న టీచరు ఆ భాగం ఎలాగూ కట్టాలి. ఫ్యాను వాటాలో మాత్రం తగ్గింపు అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు.

నీళ్ల దగ్గర మాత్రం నా అభిప్రాయం వేరు. మా ప్రాంతంలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిన ఎవరూ బోరు నీళ్లు తాగమని పిల్లలకు చెప్పరు. తాగడానికి క్యాను, వాడకానికి ఎండాకాలం ట్యాంకరు. మా మండలంలోని కొత్తూరు దగ్గర వెలిగొండ సొరంగాలున్నాయి. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు లక్ష్యం 43.5 టీఎంసీల కృష్ణా నీళ్లతో 4.47 లక్షల ఎకరాలు తడపడం, 15.25 లక్షల మందికి తాగునీరివ్వడం. ఆ నీళ్లు మా కుళాయిల్లోకి వచ్చేదాకా ట్యాంకరే దిక్కు. ట్యాంకరు డబ్బులు ఆ వారం ఇంట్లో ఉన్నవాళ్లు పంచుకోవాలి, అది సరే. తాగే నీళ్ల క్యాను లెక్క మాత్రం రాయొద్దన్నాను. నెల మొదట్లో నలుగురూ సమంగా ఒక డబ్బాలో వేసి, అయిపోతే మళ్లీ వేయండి. ఎవరెన్ని గ్లాసులు తాగారో చూసే ఇంట్లో ఎవరికీ దాహం తీరదు. శివరాత్రికి శ్రీశైలం పోయే చుట్టాలు ఈ ఇంట్లోనే దిగుతారు. ఈసారి ఒకరి చుట్టాలు, వచ్చే ఏడు ఇంకొకరివి. వాళ్ల మంచినీళ్లకు చీటీ రాయడం నా వల్ల కాదు.

ఇంతవరకూ కలిసి ఉండేవాళ్ల మధ్య సంగతి. దీనికన్నా పెద్ద అన్యాయం ఒకటుంది. ఒకే మీటరు మీద నాలుగు పోర్షన్లు కట్టి అద్దెకిచ్చే ఇళ్లు. నాలుగు కుటుంబాలు నెలకు వంద యూనిట్ల చొప్పున వాడాయనుకోండి. వేర్వేరు మీటర్లుంటే వాడకం చార్జీ ఒక్కొక్కరికి 304 రూపాయల యాభై పైసలు, మొత్తం 1,218. అదే ఒక్క మీటరైతే 400 యూనిట్లు, 2,548 రూపాయలు! ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాల్చకుండా 1,330 రూపాయలు అదనం. పేద కుటుంబానికి దక్కాల్సిన చౌక మెట్లలో మూడొంతులు ఓనరు మీటరు దగ్గరే ఆగిపోయాయి. ఆ పైన సబ్ మీటరు పెట్టి యూనిట్ పది రూపాయలని వసూలు చేసేవాళ్లూ ఉన్నారు. ఇల్లు చూసుకునేటప్పుడు బాత్రూమ్, కిటికీ చూసినట్టే మీటరు విడిగా ఉందా అని అడగండి. లేకపోతే పెట్టించమనండి. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడే అర్హులకు బిల్లు సున్నా. హైదరాబాదులో గదులు పంచుకున్న మన పిల్లలకు ఈ లెక్క ఇంకా కీలకం. 201వ యూనిట్ కాలిందంటే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాలి. ఆ ఒక్క యూనిట్ ఎవరిదో తేలేది నెలాఖరున కాదు. ఇరవయ్యో తారీఖునే మీటరు చూసుకుంటే తెలుస్తుంది.

మళ్లీ మేడమీదికి వద్దాం. ఆ రాత్రి చిన్న టీచరు రూళ్ల కాగితం మీద అంతా రాసి ఫ్రిజ్‌కు అతికించింది. నెల ఒకటో తారీఖు రీడింగ్, కూలర్‌కూ స్టవ్‌కూ ప్లగ్గులో పెట్టుకునే చిన్న మీటర్ల రీడింగ్, క్యాను డబ్బా, ట్యాంకరు వచ్చిన రోజు ఎవరున్నారు. రీడింగులు తీసే పని ఆపరేటరు అమ్మాయికి అప్పగించాలని నేనే చెప్పాను. కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట కాస్త వినబడుతుంది. పెద్ద టీచరు వెనకటి మూడు నెలల తేడా కూడా ఇచ్చేస్తానంది. ఆ అమ్మాయి వద్దంది. ఇద్దరూ చాలాసేపు పట్టుబట్టి చివరికి ఒక నెలది తీసుకునేలా ఒప్పుకున్నారు.

కాగితంలో ఒక్క వరుస మాత్రం ఖాళీగా ఉంది: సర్దుబాటు చార్జీ. ఎప్పుడో గతంలో వాడిన కరెంటుకు ఇప్పుడు బిల్లులో కలిపి వసూలు చేసే మొత్తం అది. ఆ యూనిట్లు కాల్చినవాళ్లు ఈ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయారు. నలుగురిలో ఎవరూ అప్పటికి ఈ ఊరి మొహం చూడలేదు. అది ఓనరే భరించాలని నేనన్నాను. హైదరాబాదులో ఉంటున్న ఓనరుకు ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం వస్తాను, కూర్చుని మాట్లాడదాం అన్నారట ఆయన. ఆ వరుస ఎదురుగా ఆపరేటరు అమ్మాయి పెన్సిల్‌తో "ఆదివారం" అని రాసి పెట్టింది.