తెరమీది వీధులు

గ్రంథాలయమునకు నిత్యము పోవువాడు తనకు గావలసిన పుస్తకము ఏ బీరువాలో నున్నదో పట్టిక చూడకయే చెప్పగలడు. జ్ఞాపకమునకు స్థలము ఆధారము. ఈ మానవస్వభావమును గ్రహించియే, సమాచారమును పట్టికగా గాక ప్రదేశముగా నమర్చి, అందు మనుష్యుని సంచరింపజేయు ప్రయత్నము అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో జరిగినది. అచ్చటివారు 1978లో ఆస్పెన్ అను కొండపట్టణపు వీధులలో మోటారుబండి నడిపి, పది అడుగులకొక తావున ఛాయాచిత్రములు తీయ మొదలిడిరి. చూచువాడు తెరను వ్రేలితో దాకి, కుడికో యెడమకో మరలుచు పట్టణమెల్ల తిరుగవచ్చును. ఈ పనికి ధనమిచ్చినది ఆ దేశపు రక్షణశాఖకు జేరిన పరిశోధనసంస్థ. పరుల వీధులెరుగుట విద్య మాత్రమే కాదు, బలము కూడ.

గూగుల్ సంస్థ స్ట్రీట్ వ్యూ పేర నిట్టి సంచారమును 2007లో లోకమునకు దెచ్చెను. బెంగుళూరున 2011లో మొదలైన చిత్రీకరణమును పోలీసువారు నిలిపిరి. వీధి సర్వే భారతీయ సంస్థలే చేయవలెనని 2021లో ప్రభుత్వము నిబంధన చేసెను. పిమ్మట దేశీయ సంస్థలు తీసిన చిత్రములతో 2022లో హైదరాబాదు మొదలగు పది నగరముల వీధులు తెరకెక్కినవి.

కదలలేని వృద్ధుడు తాను చదివిన వీధిని మరల జూచుకొనుట సామాన్యమైన మేలు కాదు. మేము దానిని కాదనము. కాని కెమెరా మనదైనంత మాత్రమున వాకిలి మనదగునా? ఏ త్రోవ చూపవలెనో, ఏ దుకాణము పేరు ముందు నిలుపవలెనో నిర్ణయించువాడు పరుడే. పట్టికలో లేనిదానిని లేదని తెలిసికొనవచ్చును; నడచుటకు త్రోవయే లేనిచోట నేమి మరుగుపడినదో ఎవరెరుగుదురు?

వేరొక చిక్కు గలదు. జర్మనీలో 2010లో సుమారు 2,44,000 గృహములవారు తమ యిండ్లను మసకపరుపుమని కోరిరి. ఇచ్చటను అట్లు కోరుటకు వీలున్నది, ఎరిగినవారు అరుదు. గోప్యత ప్రాథమికహక్కని సుప్రీముకోర్టు 2017లో తీర్పు చెప్పియున్నది. హక్కు కంపెనీ దయపై నాధారపడరాదు. ఇంటివాని కోరికను మన్నించుట చట్టమే విధింపవలెను. ఆ సంగతి తెలుగున ప్రకటింపవలెను.

మన గ్రంథాలయములు, ప్రదర్శనశాలలు తమ నిధులను ఇట్టి సంచారయోగ్య ప్రదేశములుగా తామే తీర్చి, ఉచితముగా తెరచియుంచుట అంతకంటె ముఖ్యము. మన యింటిలో మనము తిరుగుటకు పరుని తాళపుచెవి యడుగు దుస్థితి మనకు వలదు.