పట్టిక చెరిగినంతనే పత్రములు పోవునా?

తమిళనాడు ప్రభుత్వము 2011వ సంవత్సరమున ప్రారంభించిన ఉచిత లాప్‌టాప్ పథకము క్రింద విద్యార్థుల కిచ్చిన యంత్రములలో విండోస్, బాస్ లినక్స్ అను రెండు వ్యవస్థలు ఒకే డిస్కుపై నుండెను. ఇట్టి జంట వ్యవస్థల యంత్రములు మన వాషర్‌మెన్‌పేట యిండ్లకు క్రొత్తవి కావు. ఒకే యింట రెండు కాపురములున్నచో హద్దులుండవలెను గదా! ఆ హద్దుల లెక్కయే పార్టిషన్ టేబుల్. పాత పద్ధతి డిస్కులలో నిది మొదటి సెక్టారునందలి 512 బైట్లలో 64 బైట్లు మాత్రమే. విండోసును తిరిగి యెక్కించునపుడో, పెన్‌డ్రైవునకు వ్రాయవలసినది డిస్కునకు వ్రాసినపుడో యిది చెరిగిపోవును. దుకాణమునకు గొనిపోయినచో తరచుగా వినబడు తీర్పు, "ఫార్మాట్ చేయవలసినదే" అని. ఈ తీర్పును మేము అంగీకరింపజాలము.

చెరిగినది లెక్కయే గాని యిల్లు కాదు. విండోసు వాడుకొను ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగము తన పేరును, పొడవును తన మొదటి సెక్టారులోనే వ్రాసికొని యుండును; దాని నకలు విభాగము చివర నుండును. లినక్స్ విభాగములందు సూపర్‌బ్లాక్ నకళ్లు పలుతావుల నుండును. క్రిస్టోఫ్ గ్రెనియే రచించిన టెస్ట్‌డిస్క్ అను ఉచిత సాధనము డిస్కునంతయు గాలించి, ఈ గురుతులను బట్టి హద్దులను తిరిగి నిలుపగలదు. జీపీటీ అను క్రొత్త పద్ధతిలో నైతే పట్టిక నకలొకటి డిస్కు చివరనే యుండును.

అయితే చెరిగినదని తెలిసిన క్షణము నుండి ఆ డిస్కుపై నొక్క అక్షరమైనను వ్రాయరాదు. లినక్స్ ఇంకను నడుచుచున్నచో యంత్రము నాపకుడు; పాత హద్దులు దాని మెమరీలో నింకను ఉండవచ్చును, వానిని కాగితముపై నెక్కించుకొనుడు. పిదప డిస్కు మొత్తమునకు నకలు తీసి, ఆ నకలుపైననే వెదకుట మేలు. క్రొత్త విండోసు ఆక్రమించిన మేర మాత్రము తిరిగి రాదు. ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చేసినచో ఆశ మిక్కిలి తక్కువ. ఆ తీర్పునకు తొందరపడవలదని మేము చెప్పుట కిదియు నొక కారణము.

దుకాణదారులను నిందింపము. గాలింపు గంటల తరబడి పని. అంత ఓపికకు వారికి కూలి గిట్టదు. కాని యా డిస్కులో నున్నవి పెండ్లి ఛాయాచిత్రములు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దలు తెలుగున టైపు చేసికొన్న వ్రాతలు. వ్యవస్థను మరల నెక్కించుకొనవచ్చును. వీనిని ఏ బజారులో కొందుము?

కావున సంఘ కార్యవర్గము టెస్ట్‌డిస్క్ గల పెన్‌డ్రైవు నొకదానిని, పెద్ద ఖాళీ డిస్కు నొకదానిని కార్యాలయమున నుంచవలెనని కోరుచున్నాము. జంట వ్యవస్థలు గలవారు లినక్స్‌లోని ఎస్‌ఎఫ్‌డిస్క్‌తో పట్టికను నేడే ఫైలుగా దింపి, అచ్చొత్తించి, రేషను కార్డు నుంచిన పెట్టెలోనే దాచుదురు గాక. అది కొద్ది పంక్తులే.