దీర్ఘశాంతము



కోడికూతకు లేచి పొయ్యి రాజవేసి, పిల్లలను బడికి పంపి, పొద్దెక్కకముందే కల్లమున మిరపకాయ లారబోయించి రావలసిన యిల్లాలికి ఓర్పు నేర్చుకొనుటకు తీరిక యెక్కడిదని మనలో ననేకులందురు. తీరిక చిక్కిన పిమ్మట నేర్చుకొందమన్నచో ఓర్పు ఎన్నటికిని పట్టుబడదని మా యభిప్రాయము. పనులనడుమనే దానిని నేర్వవలయును.

బైబిలులో ఆత్మఫలములుగా చెప్పబడిన వానిలో దీర్ఘశాంతమొకటి. ఫలమేదియు నొక్కనాటిలో పండదు. నారుపోసి, మొక్కనాటి, కలుపుతీసి, కాయ యెఱ్ఱబారువఱకు మన రైతు కనిపెట్టుచుండును. కాని యా దినములలో నాతడు చేతులు ముడుచుకొని కూర్చుండునా? యాకోబు పత్రికయందు ఓర్పునకు కృషీవలుడే నిదర్శనముగా చూపబడినాడు. అమరకోశమున భూమికి సర్వంసహ యను పేరు కలదు. అన్నిటిని సహించునదని దాని యర్థము. ఆ భూమియు విత్తనము పడినది మొదలు లోలోపల పని చేయుచునే యుండును.

ఇట్టి యోర్పునకు గుంటూరులోనే యొక దృష్టాంతమున్నది. డాక్టరు అన్నా కుగ్లరుగారు అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1856లో జన్మించి, 1879లో స్త్రీల వైద్యకళాశాలలో పట్టము పొంది, 1883లో లూథరను మిషను పక్షమున గుంటూరు చేరిరి. పురుషవైద్యునకు చేయి చూపుటకైనను సమ్మతింపని స్త్రీలు ఆ కాలమున పెక్కుమంది యుండిరి. అయినను పంపినవారు వైద్యసేవ ప్రారంభించుటకు అప్పటికి సిద్ధముగా లేరు. అందుచే వైద్యురాలికి చదువు చెప్పుపని యొప్పగింపబడెను. వారు అలిగి మరలిపోలేదు. తమ విద్యను మఱవనులేదు. ఒప్పగించిన పని చేయుచునే, రోగులు కనబడినపుడు మందిచ్చుచుండిరి. 1885లో వారిని వైద్యసేవకే నియమించిరి. ఔషధశాల తెఱచుటకు 1893 వఱకును, ఆసుపత్రి తెఱచుటకు 1898 వఱకును ఆగవలసివచ్చెను. వచ్చిన పదునైదేండ్లకుగాని ఆసుపత్రి సిద్ధింపలేదు! 1930లో గుంటూరులోనే వారు కన్నుమూసిరి. ఆసుపత్రికి నేడు వారి పేరే యున్నది.

ఇచ్చట నొక్కమాట స్పష్టముగా చెప్పవలసియున్నది. బాధను దిగమ్రింగుటయే ఓర్పని కొందఱు స్త్రీలకు బోధింతురు. జ్వరముతో కాలుచు మందు పుచ్చుకొనక పనిచేయుట ఓర్పు గాదు, అశ్రద్ధ. దెబ్బలు తినుచున్న దానిని ఓర్చుకొమ్మనుట ధర్మము గాదు. స్త్రీల రోగములను వారి యోర్పునకే విడిచిపెట్టదగునని తలచినచో కుగ్లరుగారు సముద్రములు దాటి రానక్కఱలేదు గదా!

కావున కోరినది చేతికందుటకు ఆలస్యమగునపుడు రెండు ప్రశ్నలు వేసికొందము. నేడు నా యెదుటనున్న పని యేది? కోరినదానికై నేడు చేయదగిన కొంచెమేది? బిడ్డలు పెరుగువఱకు తన చదువు నాపుకొన్న తల్లి దినమున కొక్క పుట చదువవచ్చును. ఆ యొక్క పుటయే చదువును చేజాఱనీయదు.

అరణ్యమున ఇశ్రాయేలీయులు మన్నాను ఏనాటికానాడు ఏరుకొనిరి. విశ్రాంతిదినమునకు తప్ప మఱునాటికి దాచినది చెడిపోయెను. ఓర్పును గూర్చియు మనము ప్రభువు నటులే యడుగుదము. ఏడాదికి సరిపడునంత అక్కఱలేదు. ఈ ప్రొద్దు గడచుటకు చాలినంత దయచేయుమని, పొయ్యి రాజవేయు వేళనే యడుగవచ్చును.