జబ్బు దాచుకుని విమానం నడిపితే?

అమెరికాలో సరదాకి చిన్న విమానాలు నడుపుకునేవాళ్ళున్నారు. జీతానికి కాదు, సెలవురోజున పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని పక్క ఊరికి వెళ్ళిరావడానికి. అలాంటివాళ్ళకి ఆరోగ్య పరీక్షల నిబంధనలు సడలించవచ్చా అని అక్కడ ఏళ్ళ తరబడి వాదన నడిచింది. మనకెందుకు ఆ గొడవ అనకండి. పక్క సీట్లో కూర్చునేది చాలాసార్లు ఇల్లాలే మరి!

పాత పద్ధతిలో ప్రభుత్వం నియమించిన డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. నలభై దాటినవారికి రెండేళ్ళకోసారి పరీక్ష. 2017 మే 1 నుంచి 'బేసిక్‌మెడ్' అని ఇంకో దారి తెరిచారు. 2006 జులై తర్వాత ఒక్కసారైనా పాత సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు నాలుగేళ్ళకోసారి తమ సొంత డాక్టరు చేత పరీక్ష చేయించుకుని, రెండేళ్ళకోసారి కంప్యూటర్లో ఆరోగ్యపాఠం చదివితే చాలు. గుండెపోటు, మూర్ఛ, కొన్ని మానసిక వ్యాధులు ఉంటే మాత్రం ఒకసారి పాత దారిలో ప్రత్యేక అనుమతి తెచ్చుకోవలసిందే.

నేను ఈ సడలింపు వైపే. ఎందుకంటే భయపెట్టే పరీక్ష దాపరికాన్ని నేర్పుతుంది. మన ఇళ్ళలో షుగరు టెస్టుకి రెండు రోజుల ముందు స్వీట్లు మానేసే మగవాళ్ళని చూడలేదూ? సర్టిఫికెట్ పోతుందంటే దిగులుగా ఉందని, నిద్ర పట్టడం లేదని ఏ పైలట్ నోరు విప్పుతాడు? 2010 దాకా అక్కడ డిప్రెషన్‌కి మందులు వాడేవాళ్ళని విమానం నడపనివ్వలేదు. మందు వేసుకున్నవాడు కిందే ఉండాలట, వేసుకోకుండా లోలోపల కుమిలిపోయేవాడు పైకెగరొచ్చట! 2015లో జర్మన్‌వింగ్స్ విమానాన్ని ఆల్ప్స్ కొండలకి కొట్టి 150 మంది ప్రాణాలు పోవడానికి కారణమైన కో-పైలట్, డాక్టరు వద్దన్న సంగతి కంపెనీకి చెప్పనేలేదు. అది పెద్ద విమానం, పరీక్షలూ ఇంకా కఠినం. అయినా మనిషి దాచింది బయటపడలేదు. అరగంట చూసి పంపే కొత్త డాక్టరు కన్నా పదేళ్ళుగా చూస్తున్న డాక్టరు దగ్గర ఆ మాట వచ్చే వీలు ఎక్కువ.

తెలిసిన డాక్టరు మొహమాటానికి సంతకం పెట్టెయ్యడా అంటారేమో. పెట్టొచ్చు, కాదనను. పైగా ఆ డాక్టరు నింపిన చెక్‌లిస్టు ప్రభుత్వానికి వెళ్ళదు, పైలట్ దగ్గరే ఉంటుంది. 2024 చట్టంతో ఈ పద్ధతిలో ఆరుగురు ప్రయాణికుల్ని ఎక్కించుకోవచ్చు కూడా. నాకు నచ్చనిది ఇక్కడే. అక్కడ ఇంట్లో తయారు చేసుకున్న విమానమైతే, ఇది మామూలు భద్రతా ప్రమాణాల ప్రకారం చేసింది కాదని ఎక్కేవాళ్ళకి కనబడేలా రాసి అంటించాలి. యంత్రం గురించి చెప్పే ఆ ఒక్క ముక్క నడిపే మనిషి గురించి చెప్పరేం?

ఆయన బి.పి. మాత్ర వేసుకున్నాడా, రాత్రి ఎన్నిసార్లు ఉలిక్కిపడి లేచాడు, మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడా — డాక్టరు కన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది. ఆవిడని ఒక్క మాట అడిగే గడి ఆ చెక్‌లిస్టులో ఎక్కడా లేదు.