సైకిలుకు ఒక గజం చోటు వదలండి
(మోకిల విలేఖరి)

పొద్దు పొడవక ముందే మన రోడ్డు ఎక్కే బండి ఏదంటే ఇప్పటికీ సైకిలే. పాల క్యాన్లు కట్టుకొని ఒకరు, ఆకుకూరల మూట కారియరు మీద పెట్టుకొని ఒకరు, రాత్రి కాపలా ముగించుకొని ఇంటికి పోయే వాచ్‌మన్ ఒకరు, సంచి వీపున వేసుకొని బడికి పోయే పిల్లలు కొందరు. అదే వేళకు కంకర టిప్పర్లు, కాలేజీ బస్సులు, పట్నం నుండి ఫారం హౌసులకు పోయే కార్లు కూడా అదే రోడ్డు మీదికి వస్తాయి. రోడ్డు అందరిదీ అనే మాట నిజమే. కాని తగిలితే దెబ్బ అందరికీ సమానంగా తగలదు. కారుకు రంగు పోతుంది, సైకిలు మనిషికి ప్రాణం పోతుంది.

ఈ విలేఖరి ఇంటరు చదివే రోజులలో మోకిల నుండి శంకర్‌పల్లికి సైకిలు మీదనే పోయి వచ్చేవాడు. ఇప్పుడు ఏడవ తరగతి చదివే బిడ్డ సైకిలు కావాలని ఏడాదిగా అడుగుతున్నది. డబ్బు లేక కాదు, రోడ్డు చూసి ధైర్యం చాలక ప్రతి పండుగకూ వాయిదా వేయవలసి వస్తున్నది. కారణం లేకపోలేదు. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం మా నాయన సైకిలు మీద పొలం నుండి వస్తుండగా వెనుక నుండి వచ్చిన కారు అద్దం మోచేతికి తగిలింది. కింద పడి మణికట్టు విరిగింది. కారు ఆగలేదు. చూసినవారు, "పెద్దమనిషి తారు మీదికి ఎందుకొచ్చిండు, పక్కకు పోవచ్చు గదా" అన్నారు. నాయన మాత్రం, "పక్క ఎక్కడున్నది బిడ్డా, తారు దిగితే జానెడు లోతు" అన్నాడు. మరునాడు పోయి చూస్తే వానకు మట్టి కొట్టుకుపోయి తారు అంచు గట్టులాగా నిలబడి ఉన్నది. చూసినవారి మాటా అబద్ధం కాదు, నాయన మాటా అబద్ధం కాదు. ఆ రెండింటి నడుమ లేనిదల్లా ఒక గజం చోటు.

గజం విలువ మన ఊరికి వేరే చెప్పనక్కరలేదు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండిఎ వారు మోకిల లేఅవుటులో ప్లాట్లు వేలం వేసినపుడు గజం ఒకటికి అత్యధికంగా 1,05,000 రూపాయల ధర పలికింది. అటువంటి ఊరిలో సైకిలు మనిషికి రోడ్డు అంచున ఒక గజం చోటు దొరకకపోవడం విచారకరం.

డ్రైవరు సోదరులకు

మొదటి గజం డ్రైవర్ల చేతిలోనే ఉన్నది. దానికి ఇంజనీర్లు రానక్కరలేదు, బడ్జెటు అక్కరలేదు. సైకిలును దాటునపుడు మీ బండికీ అతని హ్యాండిలుకూ నడుమ కనీసం ఒక గజం ఎడం ఉంచండి. ఫ్రాన్సు దేశంలో పట్టణాలలో ఒక మీటరు, పట్టణాల బయట ఒకటిన్నర మీటరు ఎడం విడువనిదే సైకిలును దాటరాదని చట్టమే ఉన్నది. గుంట వచ్చినా, కుక్క అడ్డం వచ్చినా, లారీ గాలి తాకినా సైకిలు ఒక అడుగు అటూ ఇటూ ఊగుతుంది. అది తొక్కేవాని తప్పు కాదు, రెండు చక్రాల స్వభావం. ఎదుటి నుండి బండి వస్తున్నపుడు అంత ఎడం కుదరకపోతే అర నిమిషం వెనుకనే ఆగండి. ఆ అర నిమిషంతో పట్నం దూరం కాదు.

వేగం సంగతి కూడా లెక్క వేసి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. ప్రమాదం కంటబడి కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఆ సెకను గడిచిపోతుంది. 40 వేగంలో అయితే ఆ దూరం 11 మీటర్లే. మనుషులు, సైకిళ్లు, మోటారు బండ్లు కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ రహదారి భద్రతా సభ ప్రకటించింది. బడి ముందు, ఊరి నడుమ అయినా ఈ మాట పాటించడం న్యాయం.

సైకిలు వెనుకకు వచ్చి పెద్దగా హారను కొట్టవద్దు. ఉలిక్కిపడినవాడు పక్కకు కాదు, మీ ముందుకే పడవచ్చు. రాత్రి ఎదురుగా సైకిలు కనబడితే లైటు కిందికి దించండి. ఆగిన కారు తలుపు తెరిచే ముందు వెనుకకు చూడండి. కుడి తలుపును ఎడమ చేతితో తెరిచే అలవాటు చేసుకుంటే తల దానంతట అదే వెనుకకు తిరుగుతుంది.

సైకిలు తొక్కేవారికి

తప్పంతా కార్లదే అనడం ఈ విలేఖరి ఉద్దేశ్యం కాదు. మనవైపు లోపాలూ ఉన్నవి. తిరిగి రావలసిన దూరం తప్పించుకొనుటకు ఎదురుదారిన తొక్కేవారు చాలామంది. నడిచేవారు ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ కుడి పక్కన నడవాలి, కాని సైకిలు బండ్లతో పాటు ఎడమ పక్కనే పోవాలి. ఎదురుగా పోతే మన వేగం, ఎదుటి బండి వేగం రెండూ కలిసి దెబ్బ అవుతాయి.

ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ పక్కపక్కన తొక్కవద్దు. తిరుగబోయే ముందు వెనుకకు చూసి చెయ్యి చాపండి. చెవులలో పాటలు పెట్టుకొని రోడ్డు ఎక్కవద్దు, వెనుక వచ్చే బండిని మనకు ముందుగా చెప్పేది చెవే. గడ్డి మోపు గాని, క్యాన్లు గాని హ్యాండిలు వెడల్పును మించి కట్టవద్దు. మలుపు దగ్గర లారీకి ఎడమ పక్కన దూరవద్దు. అక్కడ కింద ఉన్న మనిషి డ్రైవరుకు కనబడడు. లారీ ఎడమకు తిరిగితే వెనుక చక్రాలు ఇంకా లోపలికి కోస్తాయి. లారీని ముందుకు పోనిచ్చి తరువాత కదలడమే మేలు.

పొద్దుగూకిన తరువాత కనబడడమే సగం రక్షణ. లైటు లేని సైకిలు చక్రాలలో గాలి తీసి నడిపించుకుంటూ పొమ్మనే పోలీసుల సంగతి మన పెద్దలు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. అప్పుడు రోడ్డు మీద గంటకు నాలుగు బండ్లు వస్తే ఎక్కువ. ఇప్పుడు వరుస తెగడం లేదు, సైకిలుకు లైటు మాత్రం లేదు. కొత్త సైకిళ్లకు వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్టర్లు ఉండాలని 2020లోనే కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పాత సైకిలు అయితే వెనుక మడ్‌గార్డుకు, పెడల్సుకు, ముందు హ్యాండిలుకు రేడియం అంటించుకోండి. ఒక టీ ఖర్చుతో పోయే పని. నెలకొకసారి బ్రేకు రబ్బర్లు చూసుకోండి.

అధికారులకు

రెండవ గజం ప్రభుత్వం చేతిలో ఉన్నది. సైకిలు దారులు ఎట్లా వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే నియమావళి ప్రచురించింది, 2015లో దానిని సవరించింది. అంటే విధానం తెలియక కాదు, పట్టించుకోక. మనకు దగ్గరలోని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు. వెడల్పు నాలుగున్నర మీటర్లు, పైన సూర్యరశ్మితో కరెంటు తయారయ్యే పలకల కప్పు. అది మంచి పనే. వ్యాయామానికి తొక్కేవారికి నీడ దొరికింది. కాని పాలు పోసేవాడు రింగ్ రోడ్డు చుట్టూ తిరగడు. అతని దారి ఇంటి నుండి చేనుకు, చేను నుండి అంగడికి. నీడ అడగడం లేదు, కప్పు అడగడం లేదు. తారుకు సమంగా మొరము పోసి రోలరు తిప్పిన అంచు అడుగుతున్నాడు.

మనకు దక్షిణాన ఉన్న చేవెళ్ల రోడ్డు కథ జిల్లా మరిచిపోలేదు. 2024 డిసెంబర్ 2న ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవారి మీదికి లారీ దూసుకుపోయింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు తాండూరు నుండి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది మరణించారు. ఈ రోడ్డు విస్తరణ మర్రిచెట్ల కేసు వలన ఏండ్ల తరబడి ఆగి, ఇప్పుడు కదిలింది. విస్తరణ అంటే కార్లకు వరుసలు పెంచడమే కారాదు. నిలిపే మర్రిచెట్ల నీడన సైకిలుకు, నడిచేవారికి వేరే దారి ఇప్పుడే గీయాలి. రోడ్డు పూర్తి అయిన తరువాత అడిగితే చోటు లేదంటారు.

"ఈ కాలంలో సైకిలు ఎవరు తొక్కుతారు, అందరికీ మోటారు సైకిళ్లు వచ్చాయి గదా" అనేవారూ ఉన్నారు. నిజమే, తగ్గారు. మిగిలినవారు మాత్రం వేరే బండి కొనలేనివారు, లైసెన్సు వయసు రాని పిల్లలు, వయసు మళ్లినవారు, బీహారు, ఒడిశాల నుండి వచ్చి మన మేడలు కట్టే కూలీలు. వారు ఆఫీసులకు పోయి అడగలేరు. అందుకే వారి తరఫున ఊరు అడగాలి.

ఊరు అడిగితే జరుగుతుందా అంటే, జరిగిన చోటు ఉన్నది. ఈనాడు సైకిళ్ల దేశమని పేరుపొందిన నెదర్లాండ్సులో 1971లో రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధులలోకి వచ్చి, పిల్లల చావులు ఆపండని ఉద్యమం చేశారు. ఆ తరువాతనే అక్కడ సైకిలు దారులు విస్తరించాయి.

తగిలినపుడు

చట్టం తెలిసి ఉండడం కూడా అవసరం. ప్రమాదం చేసిన డ్రైవరు ఆగి, గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చి, పోలీసులకు తెలపాలని మోటారు వాహనాల చట్టం చెప్పుచున్నది. సాయం చేసినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టరాదని 2019 సవరణ రక్షణ ఇచ్చింది. కనుక భయపడి చూస్తూ నిలబడవద్దు. గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుండి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం ఉన్నది. ముందుగా పోలీసు రిపోర్టు తప్పనిసరిగా ఇవ్వాలి. మా ఇంట్లో ఈ సంగతి తెలియక మణికట్టుకు కట్టు కట్టించుకొని ఊరుకున్నాము.

వానలు మొదలయ్యే లోపల మోకిల, కొండకల్, శంకర్‌పల్లి దారులలో తారు అంచులకు మొరము పోయించాలని, బడుల ముందు వేగం తగ్గించే ఏర్పాట్లు చేయాలని, పొద్దున సాయంత్రం బడి వేళలలో టిప్పర్లను ఆపాలని రోడ్లు భవనాల శాఖ వారిని, పోలీసు అధికారులను, గ్రామ పెద్దలను కోరుతున్నాము. ఆ పని జరిగిననాడు ఈ విలేఖరి తన బిడ్డకు సైకిలు కొనిస్తాడు. అప్పటివరకు కారు నడిపే సోదరులారా, ముందు సైకిలు కనబడితే అది ఎవరి బిడ్డ సైకిలో ఒక్క క్షణం తలచుకొని గజం చోటు వదలండి.