కొల్లేరు మత్స్యకారుల జీవనం

కొల్లేరు మత్స్యకారులు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సులోని లంక గ్రామాలలోను, దాని అంచు గ్రామాలలోను నివసిస్తున్నారు. పామర్రు నుండి గుడివాడ మీదుగా కైకలూరు చేరే రహదారికి ఉత్తరాన ఈ గ్రామాలు మొదలవుతాయి. వీరిలో వడ్డి కులస్థులు అధికులు. కైకలూరు ప్రాంతం 2022లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరింది.

వృత్తి

తాటిదోనె, వల, వెదురు పుల్లలతో అల్లిన మావు వీరి సంప్రదాయ పనిముట్లు. మావులలో పడిన కొర్రమీను, జెల్ల, మట్టగిడస వంటి చేపలను స్త్రీలు సంతలకు తీసుకుపోయి అమ్మేవారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు సరస్సులో విస్తరించి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయేది. ఆ రాకపోకల మీదే చేపల రాబడి ఆధారపడేది.

చెరువులు, కూల్చివేత

1970లలో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సు గర్భంలో చేపల చెరువులు ఇచ్చింది. బొచ్చె, శీలావతి పెంపకానికి పిల్ల, మేత, కట్టల ఖర్చు పెట్టలేక అనేక సంఘాలు చెరువులను బయటి పెట్టుబడిదారులకు లీజుకు ఇచ్చాయి. పత్రాలలో హక్కుదారులైనవారు తమ చెరువు వద్దనే కాపలాదారులుగా, పట్టుబడి కూలీలుగా మిగిలారు. కొల్లేటి సమస్యకు మూలం పక్షులకూ మనుషులకూ మధ్య తగవు అనే వాదన వినిపిస్తూ ఉంటుంది గాని, అసలు చిక్కు ఈ లీజులలోనే ఉన్నది.

1999లో +5 అడుగుల కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరిట చెరువు కట్టలను తొలగించారు. సంప్రదాయ వేటకు అనుమతి ఉన్నా, గుర్రపుడెక్క అల్లుకొని, కాలుష్యం చేరిన నీటిలో వేట మునుపటిలా సాగలేదు. లీజు సొమ్ము, కూలి రెండూ పోయిన కుటుంబాలు వలస వెళ్ళాయి. పెట్టుబడిదారుడు నష్టపోయినా వేరొక చోట చెరువు తవ్వుకోగలడు; లంకవాసికి ఆ వీలు లేదు. కాలక్రమేణా కట్టలు అనేకచోట్ల తిరిగి లేచాయి.

అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో దానికి అంగీకరించలేదు. కుదించినచో విడుదలయ్యే భూమి మత్స్యకారునికే దక్కుతుందన్న హామీ ఏదీ ఆ తీర్మానంతో రాలేదు.

కాంబోడియా అనుభవం

ఖ్మేర్ జాలరులు జీవించే టోన్లే సాప్ సరస్సులో కూడ వేట భాగాలను వేలం వేసి ధనికులకు ఇచ్చేవారు. 2012లో ఆ పద్ధతిని రద్దు చేశారు. కొల్లేటిలో కట్టలు కూలినవి గాని, లీజు పద్ధతి కూలలేదు.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు-కైకలూరు రహదారి మీదుగా నీరు పారి, లంక గ్రామాలకు రాకపోకలు నిలిచిపోయాయి.